తెల్లబట్టల గదిలో నీళ్లు

మా ఇంట్లో ముందు గదిలోకి నీళ్లు తేవడానికి వీల్లేదు. అది నాన్న పెట్టిన రూలు. గ్లాసు కాదు, చెంబు కాదు, తడిచేతులతో గడప దాటినా ఊరుకునేవాడు కాదు. నేను పుట్టకముందెప్పుడో ఒక చుట్టం నీళ్లు తాగుతూ కబుర్లు చెబుతూ గ్లాసు ఒలకబోశాడట. కత్తిరించి పెట్టిన తెల్లబట్ట మీద నాన్న నీలం సుద్దతో గీసుకున్న గీతలన్నీ కరిగి ఒకదాంట్లోకి ఒకటి పాకాయట. ఆ చుట్టం మళ్లీ మా ఇంటికి రాలేదు. ఆ గదిలోకి నీళ్లూ రాలేదు.

మాది బట్టలు కుట్టే ఇల్లు. వీధివైపు గదే షాపు, వెనకాల ఉన్నదే కాపురం. నాన్న కత్తిరిస్తాడు, నేను మిషను మీద కుడతాను, అమ్మ కాజాలు కుడుతుంది. గుండీ దూరడానికి చొక్కాకి కన్నాలుంటాయే, అవి. ఏడాది పొడుగునా ఏదో ఒక పని ఉంటుంది గానీ మా అసలు కాలం ఎండాకాలం చివర. బడులు తెరిచేలోపు ఊళ్లో సగంమంది పిల్లలకి తెల్లచొక్కాలు అందాలి. ఆ రోజుల్లో మా ఇంట్లో తిండికి వేళ ఉండదు, తల దువ్వుకోవడానికి ఓపిక ఉండదు, ఎవరు ఎవరితో మాట్లాడినా కరిచినట్టే ఉంటుంది. అందరికంటే ఎక్కువ కరిచేది నేనే. అమ్మ నాకు మిరపకాయ అని పేరు పెట్టింది. అసలు పేరుతో పిలిస్తే నాకు జ్వరం వచ్చిందేమోనని నాన్న కంగారు పడేవాడు.

కాజాలు మిషను మీద కూడా తీయొచ్చు. కానీ మిషను కాజా నాలుగు ఉతుకులకి పీచులేస్తుందని నాన్న ఒప్పుకోడు. "కత్తిరించింది నేనే గానీ, పేరొచ్చింది మాత్రం దీని కాజాల వల్ల" అనేవాడు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లతో, అమ్మకి వినపడేలా. మొహం మీద మెచ్చుకోవడం చేతకాని మనిషి. అమ్మ వినపడనట్టే ఉండేది. వేలికి ఇత్తడి తొడుగు పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుందంటే ఇక తల ఎత్తేది కాదు. నీళ్లు తాగాలంటే లేవాలి, వెనక గదిలోకి వెళ్లాలి, చేతులు తుడుచుకోవాలి, అవి పూర్తిగా ఆరాక వచ్చి మళ్లీ సూది అందుకోవాలి. అందుకని తాగేదే కాదు.

"ఎండ ఇలా మండిపోతుంటే గొంతెండదా నీకు?" అంటే, "తాగితే ఇంకో పనికి కూడా లేవాలి కదే మిరపకాయ్, ఒకదానికి రెండు ఖర్చులు" అని నవ్వేది.

ఆ ఏడు ఎండ మామూలుగా లేదు. ఒక మధ్యాహ్నం నేను కాలరు తిప్పుతుంటే కిటికీ దగ్గర ఏదో జారిన చప్పుడైంది. చూస్తే అమ్మ గోడకి ఒరిగిపోయి ఉంది. కళ్లు సగం తెరిచే ఉన్నాయి. సూది మాత్రం రెండు వేళ్ల మధ్య అలాగే ఉంది. ఒళ్లో చొక్కా కింద పడకుండా మోకాళ్లతో నొక్కి పట్టుకునే ఉంది.

నాన్న కత్తెర వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. మొహం మీద నీళ్లు చల్లాలని కూడా ఎవరికీ తోచలేదు. ఆ గదిలో నీళ్లు లేవు మరి.

*

ఆసుపత్రికి చేరేసరికే అమ్మ కళ్లు తెరిచి, ఒళ్లో చొక్కా ఎవరు తీశారని అడిగింది. ఆఫీసు నుంచి అన్నయ్య అక్కడికే వచ్చేశాడు. పెళ్లయ్యాక అన్నయ్య వేరే కాపురం ఉంటున్నాడు. అమ్మ మీద ప్రేమ లేక కాదు, రోజూ చూడని ప్రేమకి కంగారెక్కువ. చెప్పులు కూడా రెండు రకాలవి వేసుకొచ్చాడు.

అక్కడున్న కుర్ర డాక్టరు మంచివాడే. అన్నీ చూశాడు. గుండె చూశాడు, రక్తం తీయించాడు, లైటు వేసి కళ్లలోకి చూశాడు, చేతులు పైకెత్తమన్నాడు, నవ్వమన్నాడు. అమ్మ నవ్వింది. ఒక సీసా సెలైను ఎక్కించేసరికి ఆమె మొహంలోకి రంగొచ్చింది. రెండో సీసా సగమయ్యేసరికి ఆ డాక్టరు చొక్కా వైపు తేరిపార చూస్తూ, "నాయనా, నీ రెండో గుండీ ఊడేట్టుంది, ఇలా రా" అంది.

"ఏమీ లేదండీ" అన్నాడు డాక్టరు నాన్నతో. "ఎండకి ఒంట్లో నీళ్లు తగ్గిపోయాయి. అంతే."

అంతే అన్నాడు. ఆ మాట నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. ఇంటికి బయల్దేరడానికి నేను అమ్మ చెప్పులు మంచం పక్కన పెట్టేశాను కూడా.

"అయినా వయసు కదా" అన్నాడు డాక్టరు, ఒక నిమిషం ఆగి. "ఒక్క రోజు ఉంచి చూద్దామంటారా?"

"ఉంచండి" అన్నాడు అన్నయ్య వెంటనే. "ఒక్క రోజే కదా. పోయేదేముంది? మా ఆఫీసువాళ్లిచ్చిన బీమా కార్డు కూడా ఉంది. ఎలాగూ ఒక రాత్రి ఉంటేనే అది పనిచేస్తుంది."

"బాగానే ఉందన్నాడుగా, ఎందుకుంచడం?" అన్నాను.

"ఇంటికి వెళ్లాక మళ్లీ పడిపోతే? నువ్వు చూసుకుంటావా?"

"చూసుకుంటా."

"ఎలా? మిషను మీద కూర్చునా?"

అమ్మ దిండు మీంచి తల ఎత్తింది. "ఏం, పెళ్లికొచ్చామా, ఒక పూట ఉండి వెళ్లడానికి? పదండి ఇంటికి. ఎన్ని చొక్కాలు గుండీల్లేకుండా నోళ్లు తెరుచుకుని ఉన్నాయో అక్కడ."

ఆ మాటే అనకుండా ఉంటే బాగుండేది. నాన్న అప్పటిదాకా నోరు విప్పలేదు. అది విన్నాక అమ్మ వైపు అదోలా చూశాడు.

"ఇంటికొస్తే దీని చేతిలోకి సూది వెళ్లకుండా ఆపగలిగినవాడు ఇంకా పుట్టలేదు" అన్నాడు. "ఉండనీ. ఒక్క రోజు విశ్రాంతి దొరుకుతుంది. ఇన్నేళ్లలో ఒక్క రోజు."

మంచం అంచున కూర్చుని అమ్మ చెయ్యి తీసుకున్నాడు. వేలికి ఇత్తడి తొడుగు ఇంకా అలాగే ఉంది. దాన్ని మెల్లగా తిప్పి తీసి, తన జేబులో వేసుకున్నాడు.

"ఇది నా దగ్గరుంటుంది. ఇంటికొచ్చాక ఇస్తాను."

అమ్మ సిగ్గుపడింది. నలుగురిలో నాన్న చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి అనుకుంటాను.

*

వార్డులో రోగుల వెంట ఎవరూ ఉండకూడదు. సాయంత్రం వేళ వెళ్లి చూసి రావాలి. మర్నాడు సాయంత్రం నేను అమ్మ చీర, దువ్వెన పట్టుకుని తీసుకొచ్చేద్దామనే వెళ్లాను. అమ్మకి మూత్రానికి గొట్టం పెట్టారు.

"తనే లేచి వెళ్లగలదే!" అన్నాను అక్కడి సిస్టరుతో.

"దారిలో పడిపోతే మాట మామీదికి వస్తుందమ్మా. మేమిద్దరం, మంచాలేమో ఈ చివర నుంచి ఆ చివరదాకా." కసురుతున్నట్టు లేదు ఆమె గొంతు. అలిసిపోయినట్టుంది. "పెద్ద డాక్టరుగారు ఇవాళ రాలేదు. ఆయన చూస్తే గానీ పంపరు. రేపు చూద్దాం."

రేపటికి ఆ గొట్టం వల్ల జ్వరం వచ్చింది. జ్వరం ఉన్న మనిషిని ఎవరు పంపుతారు? జ్వరానికి మందు, ఆ మందుకి కడుపులో వికారం, వికారానికి తిండి బందు. వార్డులో రాత్రీ పగలూ ఒకే వెలుగు. నిద్ర పట్టడం లేదంటే నిద్రకి బిళ్ల. ఆ బిళ్ల మత్తు పగలు కూడా దిగేది కాదు. మొదటి రోజు అమ్మని ఉంచడానికి కారణం లేదు. రెండో రోజు నుంచీ ఆ కారణాలు ఆసుపత్రే తయారుచేసి ఇచ్చింది. గోటితో పోయేది గొడ్డలిదాకా వచ్చింది.

అన్నయ్య మాత్రం ప్రతి సాయంత్రం, "చూశావా, ఇంట్లో ఉంటే ఈ జ్వరానికి ఏమయ్యేదో" అనేవాడు. నాకు అన్నయ్యని కొట్టాలనిపించేది. వాడు నిజంగానే అలా అనుకుంటున్నాడు, అది ఇంకా కోపం. ఇంటికెళ్లి ఆ కోపమంతా మిషను మీద చూపించేదాన్ని. కాజాలు కూడా మిషను మీదే లాగించేస్తున్నాం అప్పటికి. నాన్న ఒక్క మాట అనలేదు. పీచులేస్తుందని కూడా అనలేదు.

ఒక సాయంత్రం వెళ్లేసరికి అమ్మ రెండు చేతులూ మెత్తటి గుడ్డతో మంచం ఊచలకి కట్టేసి ఉన్నాయి.

నా వెనకే నాన్న వస్తున్నాడు. చూసి అక్కడే నిలబడిపోయాడు.

"దుప్పటి పీకేస్తోందండీ" అంది సిస్టరు. "రాత్రంతా అదే పని. దుప్పటి అంచు పట్టుకుని వేళ్లతో ఏదో లాగుతుంది, వదులుతుంది, లాగుతుంది, వదులుతుంది. దాంతోపాటు సెలైను సూది కూడా లాగేసుకుంది రెండుసార్లు. చూడండి, రక్తం."

అమ్మ మమ్మల్ని చూడలేదు. కళ్లు దుప్పటి అంచు మీదే ఉన్నాయి. కట్టేసిన కుడిచేతి వేళ్లు కదులుతున్నాయి. బొటనవేలూ చూపుడువేలూ కలుస్తున్నాయి, కిందికి గుచ్చుతున్నాయి, పైకి లాగుతున్నాయి, ముడి వేయడానికి చిన్నగా తిరుగుతున్నాయి. మధ్యవేలు మాత్రం ఉండుండి ఆగుతోంది. తొడుగు లేని వేలితో సూది వెనక నెడితే గుచ్చుకుంటుంది కదా, ఆ జాగ్రత్త.

దుప్పటి తెల్లది.

"కాజాలు కుడుతోంది" అన్నాడు నాన్న. ఆయన గొంతు నేను అలా ఎప్పుడూ వినలేదు. విశ్రాంతి కోసం ఉంచాడు అక్కడ. రాత్రింబవళ్లు ఆపకుండా కుడుతోంది ఆవిడ, మా ఇంట్లో ఎప్పుడూ కుట్టనంతగా.

నాన్న కట్లు విప్పబోయాడు. సిస్టరు వద్దంది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని జేబు మీద పెట్టుకున్నాడు. అందులో తొడుగుంది. దాన్ని పైకి తీయలేదు. ఎందుకు తీయలేదో నేను అడగలేదు.

బయటికొస్తుంటే వరండాలో ఆ కుర్ర డాక్టరు కనిపించాడు. నేను దారికి అడ్డం నిలబడ్డాను.

"మీరేగా అంతే అన్నారు ఆ రోజు. ఎండ దెబ్బ, అంతే అన్నారు. మరి ఆ రోజే ఎందుకు పంపలేదు మమ్మల్ని?"

విసుక్కుంటాడేమో అనుకున్నాను. ఆయన గోడకి ఆనుకున్నాడు.

"పంపితే, ఇంటి దగ్గర ఏదైనా అయితే, ఎందుకు పంపావని అందరూ నన్నడుగుతారమ్మా. ఉంచితే, ఇక్కడ ఏమైనా సరే, ఎందుకుంచావని ఎవరూ అడగరు."

"నేనడుగుతున్నానుగా."

"మీరే మొదటివారు" అన్నాడు. రెండో గుండీ అప్పటికి ఊడిపోయింది. ఆ చోట గుండుసూది పెట్టుకున్నాడు.

ఆయన్ని తిట్టడానికి నోరు రాలేదు. అంత వార్డుకీ సిస్టర్లు ఇద్దరే. పెద్ద డాక్టరుకి ఇంకో ఆసుపత్రి ఉంది. అన్నయ్యకి భయం, నాన్నకి ప్రేమ. తిలాపాపం తలా పిడికెడు. అందరూ కాస్త కాస్త పట్టారు, ఎవరి చేతికీ బరువు తెలియలేదు. మా అమ్మ ఒక్కదాని మీద పడేసరికి మొత్తం పడింది.

*

చివరికి పంపారు. జ్వరం తగ్గింది, గొట్టం తీసేశారు, కాగితాల మీద అంతా బాగుంది. తన కాళ్ల మీద తిరిగే మనిషిని అన్నయ్య చక్రాల కుర్చీలో తీసుకొచ్చాడు. పడుకుని పడుకుని కాళ్లు కర్రపుల్లల్లా అయిపోయాయి. కుర్చీని వీధి గుమ్మంలోంచి ఎక్కించలేక, వెనక సందులోంచి పెరటి తలుపుగుండా వంటగదిలోకి చేర్చాం. మంచం వెనక గదిలో వేశాం.

నేను గంజి కాచి తెచ్చాను. అమ్మ నా వైపు చూసి చాలా మర్యాదగా నవ్వింది.

"సిస్టర్, నన్నెప్పుడు పంపిస్తారు మా ఇంటికి?"

"ఇదే మనిల్లమ్మా. వచ్చేశాం."

"అలాగేనమ్మా" అంది. "మీ ఇష్టం. మీరు ఎప్పుడంటే అప్పుడే."

నన్ను మీరు అంది. అన్నిటికంటే అది భయపెట్టింది నన్ను. తిడితే బాగుండును, మిరపకాయ్ అని ఒక్కసారి అరిస్తే బాగుండును. ఇవి చూడు అమ్మా, మన గిన్నెలు, మన గోడ, ఇదిగో ఈ మూల నువ్వే కదా మసి తుడిచావు అంటూ చూపించేదాన్ని. ఆవిడ తల ఊపేది. ఆసుపత్రిలో పెద్దవాళ్లు డాక్టరు చెప్పినదానికల్లా తల ఊపుతారే, అలా. కాసేపటికి మళ్లీ వేళ్లు దుప్పటి అంచు వెతుక్కునేవి. అన్నయ్య వచ్చి ఎదురుగా కూర్చుంటే, "మీవాళ్లెవరైనా ఉన్నారా బాబూ ఈ వార్డులో?" అని అడిగింది. వాడు బయటికెళ్లి పెరట్లో చాలాసేపు నిలబడ్డాడు. ఒక్క రోజే కదా అనే మాట ఆ తరవాత వాడి నోట ఎప్పుడూ వినలేదు.

బడులు తెరిచారు. మా చొక్కాలు అందరికీ అందాయి, ఎలాగో అలా. ఎండ తగ్గింది. పనీ తగ్గింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. వెనక గదిలో ఉన్నది మా అమ్మే, కానీ అమ్మ ఇంకా ఇంటికి రాలేదు. ఆ వార్డులోనే ఎక్కడో మంచం మీద ఉండిపోయిందనీ, మేం వేరే ఎవరినో తెచ్చుకున్నామనీ అనిపించేది.

ఒక సాయంత్రం నాన్న ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వెనక గదిలోకి వచ్చాడు. ఎక్కడికో ప్రయాణమైనట్టున్నాడు. మంచం దగ్గర నిలబడి నా వైపు తిరిగాడు.

"సిస్టరుగారూ" అన్నాడు నాతో. "ఈవిడ మా ఆవిడండీ. ఇంటికి తీసుకెళ్దామని వచ్చాను. పంపిస్తారా?"

నాకు మొదట అర్థం కాలేదు. ఆయన కళ్లు చూశాక అర్థమైంది. అమ్మ ఆశగా నా మొహంలోకి చూస్తోంది.  సిస్టరులాగే నిలబడి చెప్పాను.

"ఆవిడకేం లేదండీ. బాగానే ఉన్నారు. తీసుకెళ్లండి."

ఆ మాట చెప్పేవాళ్లే దొరకలేదు అన్ని రోజులూ. ఇంతే కదా, నాలుగు ముక్కలు.

ఇద్దరం కలిసి కుర్చీలో కూర్చోబెట్టాం. పెరటి తలుపులోంచి వెనక సందులోకి దింపి, సందు చివర తిరిగి, పెద్ద వీధిలోకి వచ్చాం. అమ్మ గాలి పీల్చుకుంది. బడి వదిలే వేళ. పిల్లలు గుంపులుగా ఎదురొస్తున్నారు, అందరూ మా తెల్లచొక్కాలే. ఒక పిల్ల కుర్చీని దగ్గర్నుంచి చూద్దామని ఆగింది. అమ్మ చెయ్యి చాపి ఆ పిల్ల చొక్కా పట్టుకుని, గుండీ పక్కన వేలితో రాసి చూసింది.

"మిషనుది" అంది. మొహం చిట్లించింది. "పీచులేస్తుంది. ఎవరే ఈ పాపిష్టి పని చేసింది?"

నాన్న కుర్చీ తోయడం ఆపేశాడు. 

"మన అమ్మాయే" అన్నాడు మెల్లగా.

"దానికి తొందర" అంది అమ్మ. "మిరపకాయ."

వీధి గుమ్మం దగ్గర చక్రాలు ఎక్కలేదు. నాన్న ఆమెని చేతుల మీద ఎత్తుకున్నాడు. ఎత్తడానికి కూడా బరువు లేదు. ముందు గదిలో కిటికీ పక్కన, ఆమె చోటులో, గోడకి దిండు వేసి కూర్చోబెట్టాడు. జేబులోంచి ఇత్తడి తొడుగు తీసి ఆమె వేలికి పెట్టాడు. అది వదులైపోయి జారింది. జారిపోకుండా అమ్మ వేలు మడిచి పట్టుకుంది. గది అంతా చూసింది. కత్తెర, సుద్దముక్కలు, నా మిషను, బల్ల మీద మడతపెట్టిన తెల్లబట్ట. తరవాత నాన్న మొహం వైపు చూసింది.

"ఒక్క రోజే అన్నారుగా" అంది.

నాన్న లేచి వెనక్కి వెళ్లాడు. గ్లాసు నిండా నీళ్లు పట్టుకుని గడప దాటి ముందు గదిలోకి వచ్చాడు. నా జన్మలో ఆ గదిలో నీళ్లు చూడటం అదే మొదలు. ఆమె ముందు గొంతుక్కూర్చుని గ్లాసు పెదాలకి ఆనించాడు.

అమ్మ మొహం పక్కకి తిప్పేసుకుంది. పెదాలు ఎండి పగిలి ఉన్నాయి.

"ఇక్కడొద్దండీ. బట్టలున్నాయి. వెనక్కెళ్లి తాగుతాను."

"తాగవే."

"ఒలికితే?"

నాన్న కాసేపు గ్లాసు వైపు చూశాడు. తరవాత లేచి, బల్ల మీదున్న తెల్లబట్ట మీద కొన్ని నీళ్లు తనే ఒంపాడు. నీలం గీత ఒకటి కరిగి మెల్లగా పక్కకి పాకింది.

"నీళ్లేగా" అన్నాడు. "ఆరిపోతాయి."

"ఆరతాయా?"

"ఆరతాయి."

అప్పుడు తాగింది. గుటక గుటకకీ గొంతు కదలడం నేను చూస్తూ నిలబడ్డాను. గ్లాసు ఖాళీ అయ్యేదాకా నాన్న దాన్ని వదల్లేదు.  నేను ఏడ్చాను, ఇద్దరూ చూడకుండా.

ఆ రాత్రి అమ్మని ముందు గదిలోనే పడుకోబెట్టాం. పొద్దున్నే లేచి చూస్తే కిటికీ పక్కనే కూర్చుని ఉంది. బల్ల మీది బట్ట ఒక కొస ఒళ్లోకి లాక్కుంది. తడి ఆరిపోయింది గానీ, తడిసినంత మేరా చుట్టూ సన్నటి నీలం అంచు మిగిలింది. అమ్మ దాని వెంబడే వేలు నడిపిస్తోంది. నా అడుగుల చప్పుడు విని తల ఎత్తి, మర్యాదగా నవ్వింది.

"సిస్టర్, ఇవాళైనా పంపిస్తారా నన్ను?"

నేను కూజాతో నీళ్లు తెచ్చి ఆమె పక్కన, తెల్లబట్టల మధ్యలో పెట్టాను.

"పంపిస్తామమ్మా" అన్నాను. "సాయంత్రం మీ ఆయన వస్తారు."